కొత్త బూట్ల లెక్క

కబడ్డీ ఆడేవాళ్ళు బూట్ల పెట్టెను ఇంటికి తీసుకుపోరు. కొట్లోనే బూట్లు తొడుక్కుని, రెండడుగులు అటూ ఇటూ వేసి చూసుకుని, ఖాళీ పెట్టెను బల్ల మీదే వదిలిపోతారు. హనుమకొండలో ఆటసామాన్ల కొట్టు నడిపే రమాకాంత్ ఆ పెట్టెలను పారేయడు. టోర్నమెంటు కప్పులను కట్టి పంపడానికి అవి పనికొస్తాయి. కిందటి చలికాలం నుంచి వాటికి ఇంకో పని కూడా పెట్టాడు. మూత లోపలివైపు పెన్సిలుతో జట్టు పేరు రాస్తాడు. ఆ జట్టు గెలిస్తే నిలువు గీత, ఓడితే అడ్డగీత.

ఇప్పటికి పంతొమ్మిది మూతలయ్యాయి. పదిహేనింటి మీద అడ్డగీతే ఉంది.

అన్నీ మ్యాచికి ముందురోజు బూట్లు కొన్న జట్లే. కారణం రమాకాంత్ తనకు తానే చెప్పుకున్నాడు. కొత్త బూటు మొదటి రోజు కరుస్తుంది. కూతకు పోయినవాడు గిరుక్కున తిరగవలసిన చోట మడమ మంటకు అర క్షణం జంకుతాడు. ఆ అర క్షణం చాలు, నలుగురు వచ్చి నడుము పట్టుకోవడానికి. వస్తువును అమ్మినవాడికే తెలిసే రహస్యం ఇది. రేపటి ఆటలో ఎవరి కాలికి ఏం తొడిగారో ఈ ఊళ్ళో తనకు తప్ప ఇంకెవరికి తెలుసు? ఏ పెట్టుబడీ పెట్టకుండా చేతికొచ్చిన సమాచారం. వ్యాపారం చేసేవాడు దాన్ని ఊరికే మూతల మీద ఎండబెట్టుకోడు.

అయినా తొందరపడలేదు. కొత్త కంపెనీ బంతులు వచ్చినా ముందు అర డజను తెప్పించి, పిల్లల చేత ఆడించి చూశాకే గ్రోసు ఆర్డరు పెట్టే మనిషి. మూతల మీద రాసుకున్నది కాగితం పరీక్ష. ఇక మిగిలింది నిజం పరీక్ష. మడికొండలో కొత్తగా ప్లాట్లు వేసిన ఒక రియల్ ఎస్టేట్ ఆసామి తన వెంచరులోనే షామియానాలు వేసి, మ్యాటు పరిపించి, మూడు రోజుల కబడ్డీ టోర్నమెంటు పెట్టాడు. కప్పులన్నీ రమాకాంత్ కొట్టు నుంచే పోయాయి. వాటి వెనకాలే తనూ పోయాడు.

అక్కడ జనరేటరు వెనుక స్కూటరు మీద కూర్చుని పందేలు కట్టించుకునేవాడు సారంగపాణి. కాజీపేట చౌరస్తాలో సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. రమాకాంత్ వచ్చి మొగవాళ్ళ మ్యాచి మీద చిన్న పందెం కాస్తానంటే నమ్మలేనట్టు చూశాడు. రమాకాంత్ మొదటి రోజు రెండు ఆటలకు కాశాడు, ముందురోజు తన కొట్లో బూట్లు కొన్న జట్ల మీద కాకుండా వాళ్ళ ఎదుటి జట్ల మీద. రెండూ గెలిచాడు. రెండో రోజు ఒకటి కాశాడు. అదీ గెలిచాడు.

"అన్నా, నీకెవడో లోపటి ముచ్చట చెప్తాండు," అన్నాడు సారంగపాణి నోట్లు అందిస్తూ. "గట్లనే చెప్పిచ్చుకో. నేను మాత్రం ఫోన్లు రిపేరు చేసుకుంట బతకాలె."

రమాకాంత్ నవ్వి నోట్లు జేబులో పెట్టుకున్నాడు. మూడుకు మూడు. కానీ మూడో రోజుకు చిక్కొచ్చి పడింది. ఫైనలుకు వచ్చిన జట్లలో ఎవరూ బూట్లు కొనలేదు. ఆడపిల్లల ఫైనలు కాజీపేటకూ తొర్రూరుకూ. రెండు జట్లూ పాత బూట్లతోనే ఆడుతున్నాయి. తన లెక్కకు పరీక్ష పెట్టడానికి సరుకే లేదు. సరుకు లేని రోజున షట్టరు వేసుకుని ఇంట్లో కూర్చోవాలి. ఇరవై రెండేళ్ళ కొట్టు అతనికి నేర్పింది అదే. అయినా ఆ రెండో రోజు సాయంత్రం దీపాలు పెట్టే వేళకు అతను ఇంకా బల్ల దగ్గరే నిలబడి ఉన్నాడు.

అప్పుడు వచ్చింది సుమేరా.

కాజీపేట జట్టులో కూతకు పోయే పిల్ల. పద్దెనిమిదేళ్ళుంటాయి. తండ్రి నబీ రైల్వేలో గ్యాంగ్‌మన్, పట్టాల మీద నడిచి చేసే ఉద్యోగం. పిల్ల కుడికాలి బూటును చేత్తో పట్టుకుని వచ్చింది. ముందువైపు అట్ట విడిపోయి నోరు తెరుచుకుని ఉంది.

"అంకుల్, సొల్యూషన్ ట్యూబున్నదా?" అని అడిగింది. "రేపొక్కరోజు ఆగితే సాలు."

రమాకాంత్ సొరుగు లాగాడు. లోపల బూట్లు అతికించే ట్యూబులు వరసగా పడుకుని ఉన్నాయి. రేపు ఎన్ని గంటలకు ఆట అని అడిగాడు, చేయి సొరుగు మీదే ఉంచి. నాలుగింటికని చెప్పింది పిల్ల. చెప్పి ఊరుకోలేదు. హైదరాబాదు నుంచి ఒక హాస్టలు కోచ్ మేడం వస్తోందట. ఆట నేర్పి, చదువు చెప్పించి, తిండిపెట్టే హాస్టలు. ఈ జిల్లా నుంచి ఇద్దరినే తీసుకుంటారట. సెమీస్ చూసి వెళ్ళిన సారు తన పేరు రాసుకున్నాడట, ఫైనలు మేడం తనే చూస్తుందట. ఇంట్లో ఆ మాట ఇంకా గట్టిగా అనుకోవడం లేదట, అనుకుంటే జరగదేమోనని.

రమాకాంత్ సొరుగును మెల్లగా లోపలికి తోశాడు.

"సొల్యూషన్ అయిపోయింది బిడ్డా," అన్నాడు.

పిల్ల ముఖం పడిపోయింది. బస్టాండు దగ్గర దొరుకుతుందేమోనని వెనక్కి తిరగబోతుంటే కూర్చోమన్నాడు. పాదం కొలిచే చెక్కను నేలమీద పెట్టాడు. పిల్ల సాక్సు తీసి, చెమట కాలును లంగా అంచుతో తుడుచుకుని, సిగ్గుపడుతూ చెక్క మీద పెట్టింది. ఆరో నంబరు. వేళ్ళ దగ్గర వెడల్పు, మడమ దగ్గర సన్నం. మడమ వెనుక తోలు పలచగా, చిన్నపిల్లల తోలులా ఉంది.

ఆరో నంబరులో రెండు జతలున్నాయి. నీలంది మెత్తన, మడమ దగ్గర దూది పట్టీ ఉంది. ఎర్రది చూడ్డానికి ఖరీదుగా ఉంటుంది కానీ మడమ అంచు రాయిలా ఉంటుంది. ఆ మోడలును ఇప్పటికి ముగ్గురు వాపసు తెచ్చారు. రమాకాంత్ రెండింటినీ దింపి, ఒక్కొక్కదాని మడమలో బొటనవేలు పెట్టి నొక్కి చూశాడు. నీలంది లోపలికి పోయింది. ఎర్రది కదల్లేదు. ఎర్రదాన్ని పిల్ల ముందు పెట్టాడు.

"పైసల్లెవ్వు అంకుల్."

"అడిగిన్నా? ఏసుకో. కాజీపేట పేరు నిలబెట్టాలె."

సుమేరా ఎర్ర బూటు వైపు చూసి, అతని వైపు చూసి, కొట్లో అవతలి చివర జెర్సీలు మడతపెడుతున్న అతని భార్య వినోద వైపు చూసింది. ఎవరైనా కాదంటారేమోనని. తర్వాత బూట్లు అందుకుంది. లేసులు బిగించి కట్టుకుంది. లేచి రెండడుగులు వేసి, ఎట్లున్నయ్ అని రమాకాంత్ అడిగితే, మంచిగున్నయ్ అంకుల్ అంది వెంటనే. ఊరికే వచ్చిన బూటు కరుస్తోందని ఎవరు చెప్తారు? తర్వాత వాటిని విప్పి, జాగ్రత్తగా కాగితంలో చుట్టి, పెట్టెలో పెట్టి, పెట్టెను చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

మూత రాసుకోవడానికి కూడా మిగల్లేదు.

వినోద జెర్సీలు మడతపెట్టడం ఆపింది. "అవి వాపస్ వచ్చిన రకం గదా," అంది.

"అందరి కాళ్ళు ఒక్కతీరుగ ఉంటయా?"

వినోద అతని చేతి వైపు చూసింది. బొటనవేలి మీద మడమ అంచు గుచ్చుకున్న గుర్తు ఇంకా ఎర్రగా ఉంది. ఆమె మళ్ళీ జెర్సీ అందుకుంది.

రమాకాంత్ తనకు తాను లెక్క చెప్పుకున్నాడు. ఒక్క ఆట. కోచ్ అన్నవాళ్ళు పిల్లలో పస చూస్తారు కానీ బూట్లు చూస్తారా? ఓడినా సీటు వచ్చేదుంటే వస్తుంది. పైగా ఆ పిల్లకు ఒక జత బూట్లు మిగులుతాయి. ఎటు తిప్పినా ఎవరికీ నష్టం లేని బేరం. ఇన్నేళ్ళలో అతను తప్పుడు బేరాలు చూడకపోలేదు. తప్పుడు బేరంలో లెక్క ఎప్పుడూ ఇంత చక్కగా కుదురుతుందన్న సంగతి మాత్రం ఆ సాయంత్రం గుర్తు రాలేదు.

మర్నాడు పందెం కాయడానికి వెళితే సారంగపాణి రెండుసార్లు అడిగాడు. "తొర్రూరు మీదనా? అన్నా, అటు సుమేరా ఆడతాంది, తెల్సా?" తెలుసన్నాడు రమాకాంత్. ముందు మూడు పందేలు కలిపినా దానికి పది రెట్లు పెట్టాడు. సారంగపాణి డబ్బు తీసుకుంటూ అతని ముఖంలోకి చూశాడు.

ఆట మొదలైంది. కాజీపేట జనం ఒకవైపంతా నిండిపోయారు. గ్యాంగు పనివాళ్ళు డ్యూటీ దిగి నారింజ జాకెట్లతోనే వచ్చారు. రమాకాంత్ వాళ్ళ మధ్యనే ఇరుక్కున్నాడు. అతని కళ్ళు పిల్ల ముఖం మీద లేవు, మడమల మీద ఉన్నాయి. ఎర్ర బూట్లు కొత్తవిలా లేవు. వెనుక అంచు నల్లబడి, నూనె పట్టి మెరుస్తోంది. సుమేరా మొదటి కూతకు గీత దాటింది, ఎడమకు వంగింది, గిరుక్కున తిరిగింది. ఎక్కడా జంకు లేదు. ఎదుటి పిల్ల మోకాలికి చేయి తగిలించి వచ్చేసింది.

ఇప్పుడు కరుస్తుంది, ఇంకో రెండు కూతలకు కరుస్తుంది అనుకుంటూనే సగం ఆట అయిపోయింది. తొర్రూరు పిల్లలు బలమైనవాళ్ళు. ఆఖరి నిమిషానికి వాళ్ళు ఒక్క పాయింటు పైన ఉన్నారు. చివరి కూత సుమేరాది. అవతల ముగ్గురున్నారు. పిల్ల లోపలికి పోయి, కబడ్డీ కబడ్డీ అంటూ మూలన ఉన్న పిల్లను తాకి తిరగబోయేంతలో వెనుక నుంచి ఒకతె చీలమండ పట్టుకుంది. సుమేరా బోర్లా పడింది. పడి, మోచేతుల మీద పాకుతోంది. గీతకు మూరెడు దూరం.

"పట్టు. పట్టు, ఇడవకు," అంటున్నారెవరో.

ఆ గొంతు తనదేనని రమాకాంత్‌కు తెలియడానికి ఒక క్షణం పట్టింది. పిడికిళ్ళు బిగించి, ముందుకు వంగి, పళ్ళ మధ్య నుంచి అంటున్నాడు. పక్కనున్న నారింజ జాకెట్టు మనిషి తల తిప్పి అతన్ని చూశాడు. రమాకాంత్ నోరు మూసుకునేలోగా సుమేరా వేళ్ళు గీత దాటాయి. తను తాకిన పిల్లా, తనను పట్టిన పిల్లా, ఇద్దరూ బయటకు. రెండు పాయింట్లు. ఒక్క పాయింటుతో కాజీపేట గెలిచింది.

చుట్టూ మనుషులు ఎగురుతుంటే అతను జారుకుందామని చూశాడు. అడుగు తీసి అడుగు వేసే సందు లేదు. ఇంతలో మైకులో కప్పు ఇస్తున్నారు, సుమేరాను మాట్లాడమంటున్నారు. పిల్ల రొప్పుతూ మైకు పట్టుకుని, అమ్మానాన్నల పేర్లు చెప్పి, రమాకాంత్ అంకుల్ అంది. నిన్న సొల్యూషన్ కోసం పోతే కొత్త బూట్లే ఇచ్చిండు, పైసలు అడగలే, అంది. ఎక్కడున్నాడని వెతికారు. ఎవరో అతన్ని చూశారు. చేతులు అతన్ని ముందుకు నెట్టాయి. వేదిక మీద ప్లాట్ల ఆసామి శాలువా కప్పుతుంటే రమాకాంత్ తల వంచాడు. వంచిన తల ఎత్తేసరికి ఎదురుగా జనరేటరు పక్కన సారంగపాణి కనిపించాడు. చప్పట్లు కొట్టడం లేదు. నవ్వడమూ లేదు.

దిగి వచ్చాక సారంగపాణి అతన్ని షామియానా వెనక్కి పిలిచి డబ్బు కట్ట తీసి చేతికివ్వబోయాడు.

"తీస్కో అన్నా. ఇయ్యాల నీ పైసలు నాకద్దు."

ఓడిపోయాను కదా అన్నాడు రమాకాంత్.

"ఓడినవ్, తెల్సు. బూట్లిచ్చి, ఆ పిల్ల ఓడుతదని కాసినవ్. నేను చానమందిని చూసిన. గిట్ల కాసెటోన్ని చూడలే." కట్టను శాలువా మడతలో దోపి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆదివారం. కొట్టు దులపడానికని వినోద అటక మీది పెట్టెలు దించింది. మూతల లోపలి రాతలు చూసి ఏంటివని అడిగింది. రమాకాంత్ దాచలేదు. దాచేందుకు ఓపిక లేదు. కొత్త బూట్ల లెక్క మొత్తం చెప్పాడు. ఎర్ర జత సంగతి చెప్పనక్కరలేదు, ఆమెకు తెలుసు. వినోద నేలమీద కూర్చుని మూతలు ఒక్కొక్కటే తిప్పుతూ పేర్లు చదివింది. అవన్నీ పల్లెల పేర్లు, తండాల పేర్లు.

"వీళ్ళంత మట్టిల ఆడెటోళ్ళే గదా," అంది.

"అయితే?"

"మట్టిల ఉత్తకాళ్ళతోని ఆడతరు. మ్యాటు మీద బూట్లు లేంది ఆడనియ్యరని ముందురోజు చందాలేస్కొని వచ్చి కొంటరు. మ్యాటు మొకం ఆ రోజే చూస్తరు. ఓడరా మరి?" మూతను మూత మీద పెట్టింది. "బూట్లేం జేసినయ్ పాపం."

రమాకాంత్ పై మూతను తిప్పి మళ్ళీ చదివాడు. ఇరవై రెండేళ్ళుగా వాళ్ళ కాళ్ళు కొలుస్తున్నాడు. వేళ్ళ మధ్య ఎర్రమన్ను, పగిలిన మడమలు, చిల్లర నోట్లు పోగేసి ఇచ్చే కెప్టెన్లు, అన్నీ తన కళ్ళెదుటే జరిగాయి. అవేవీ లెక్కలోకి తీసుకోలేదు. బూటు ఒక్కటే లెక్కలో వేశాడు, అది తను అమ్మింది కాబట్టి. తన కిటుకు అంటూ ఏమీ లేదు. లేనివాళ్ళు ఎవరో ముందుగా తెలుసుకుని వాళ్ళ ఓటమి మీద డబ్బు కాశాడు, అంతే. ఇక ఆ లెక్కకు అందని పిల్ల ఒకతె వస్తే, లెక్క నిలవడం కోసం ఆమె కాలినే కోయబోయాడు.

మంగళవారం పదకొండింటికి నబీ వచ్చాడు. సన్నటి మనిషి, ఎండకు కమిలిన మెడ, చేతిలో ప్లాస్టిక్ కవరులో కాగితాలు. సుమేరాకు సీటు వచ్చిందట. హాస్టలు ఫారంలో ఊళ్ళో పేరున్న మనిషొకరు పిల్ల నడవడి గురించి రాసి సంతకం పెట్టాలట. పిల్ల మీ పేరే చెప్పింది సేటు అన్నాడు. వినోద కుర్చీ వేసి, తను లోపలికి వెళ్ళింది.

రమాకాంత్ ఫారం అందుకోలేదు. ముందు బూట్లు ఎలా ఉన్నాయని అడిగాడు. నబీ ముఖం కొంచెం వెలిగింది. రైల్వేలో ఏటా డ్యూటీ బూట్లిస్తారని, కొత్తవి తొడుక్కుని కంకర మీద ఎనిమిది మైళ్ళు నడిస్తే మడమ తోలు ఊడొస్తుందని, అందుకు గ్యాంగువాళ్ళకు ఒక పద్ధతుందని చెప్పాడు. వెనుక అంచును రాయి మీద పెట్టి సుత్తె పిడితో మెత్తగా కొట్టాలి. కొబ్బరినూనె పట్టించాలి. తడి సాక్సు వేసుకుని, బూటు కాలికే ఆరేదాకా నడవాలి. పొద్దుగాల నాలుగింటికి లేపి, తనూ పిల్లా ప్లాట్‌ఫాం ఈ చివర నుంచి ఆ చివరకు ఆరుసార్లు నడిచామన్నాడు.

"మస్తు గట్టిగుండె సేటు ఆ జత," అన్నాడు.

"గట్టిదని తెల్సే ఇచ్చిన," అన్నాడు రమాకాంత్.

ఆ మాట బయటపడ్డాక మిగతాది ఆగలేదు. సొరుగులో ట్యూబులున్న సంగతి, నీలం జత సంగతి, తొర్రూరు మీద కాసిన పందెం. గొంతు తగ్గించి, బల్ల చెక్క వైపు చూస్తూ చెప్పాడు. నబీ వింటున్నాడు. మోకాళ్ళ మీది కవరును ఒకసారి సరిచేసుకున్నాడు. అరుస్తాడని, లేచి ఫారం తీసుకుని పోతాడని రమాకాంత్ ఎదురుచూశాడు. అలా పోతే బాగుండుననిపించింది.

"పందెం ముచ్చట తెల్సు సేటు," అన్నాడు నబీ. "ఆటకాడ నీ పక్కపొంటి నిలబడ్డది మా గ్యాంగోడే. పట్టు పట్టు అంటాండని ఆ రోజే వచ్చి చెప్పిండు. మిగిలింది నేనే అర్థం చేస్కున్న."

"తెల్సి గూడ ఈ ఫారం తెచ్చినవా?"

"పిల్లకు తెల్వది." నబీ గుమ్మం వైపు చూశాడు. అవతల రోడ్డు మీద, ఆటో పక్కన సుమేరా తమ్ముడితో ఏదో చెప్పి నవ్వుతోంది. "అది పుట్టినకాంచి ఏది కావాలన్నా ఎవల్నో ఒకల్ని బతిమిలాడి తెచ్చిన. అడగకుంట ఒక మనిషి ఇచ్చిండు, ఊకెనే ఇచ్చిండు అని ఇంట్ల పదిసార్లు చెప్తాంది. హాస్టల్ మేడంకు గూడ గదే చెప్పింది. నువ్వు నిజం చెప్పి నీ బరువు దింపుకుంటవ్ సేటు. దాని మీద పడ్తది."

రమాకాంత్ తల ఎత్తలేదు.

"నాకు చెప్పినవ్, అయిపాయె. నేను మోస్త. దానికి చెప్పకు," అన్నాడు నబీ. కోపం లేకుండా, పట్టాల మీద పనికి వచ్చిన కొత్తవాడికి చెప్పినట్టు చెప్పి, ఫారం తీసి బల్ల మీద పరిచాడు. ఎక్కడ రాయాలో గోటితో చూపించాడు.

రమాకాంత్ పెన్ను తీశాడు. పిల్ల నడవడి గురించి మూడు వాక్యాలు రాశాడు. అందులో ఒక్క అబద్ధం లేదు. కింద తన పేరు, కొట్టు పేరు రాయడానికే ఎక్కువసేపు పట్టింది. ముద్ర వేస్తుండగా సుమేరా లోపలికొచ్చి తండ్రి భుజం మీది నుంచి వంగి చూసింది. రాసింది పెదవులతో చదువుకుంది. ఎర్ర బూట్లే వేసుకుని ఉంది.

"థాంక్యూ అంకుల్," అంది. "మీరు ఊకెనే ఇయ్యకపోతే గా సొల్యూషన్ పెట్టుకొని ఆడుదును. సగం ఆటలనే ఊసిపోతుండె."

రమాకాంత్ నబీ వైపు చూశాడు. నబీ అతన్నే చూస్తున్నాడు, ఏదో పని పూర్తవడానికి ఎదురుచూస్తున్నట్టు. పిల్ల కూడా చూస్తోంది.

"అంత పెద్ద ముచ్చటేం గాదు బిడ్డా," అన్నాడు రమాకాంత్.

నబీ తల ఊపి, కాగితాలు కవరులో పెట్టుకుని లేచాడు.